పావు చుట్టు

మా మరిది ఎవరితోనైనా పోట్లాడగా నేను చూసింది ఒక్కసారే. అందులోనూ అతను గొంతు పెంచలేదు. గొంతు పెంచే పని మా ఇంట్లో నాది.

ఆ రోజు కలప డిపోలో పనిచేస్తున్న మా ఆయనకు కారియర్‌లో అన్నం పట్టుకెళ్లాను. డిపో యజమాని పదిమంది కోత మనుషుల మధ్య నిలబడి మా మరిదిని కడిగేస్తున్నాడు. అప్పటికి మా మరిదికి ఇరవై ఆరేళ్లు. పెట్రోలుతో నడిచే చైను రంపాలు బాగుచేయడం అతని పని. మేమంతా వాటిని మిషన్లనే అంటాం. ముందు రోజే డిపో మిషనొకటి బాగుచేసి ఇచ్చాడు. యజమాని దాన్ని రేజ్ చేసి చూపించి, ఇదేనా నువ్వు చేసింది, కఫం పట్టిన ముసలాడిలా గరగరమంటోంది అన్నాడు. ఇంకో మెకానిక్ చేతిలో తయారైన మిషను తెప్పించి దాన్నీ స్టార్ట్ చేశాడు. అది నిజంగానే సన్నగా, తేటగా, తీగ లాగినట్టు పాడింది. అందరూ నవ్వారు. మా ఆయన తల వంచుకున్నాడు. నేను నోరు తెరవబోతే మా మరిది ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు.

"దుంగలో చూద్దామండి. గాలిలో ఏం కోస్తాం?" అన్నాడు.

రెండు చేతులతో చుట్టినా అందనంత లావు దుంగ తెచ్చి వేశారు. మిషనుకి మూడు కోతలు. మొదటి కోతలో ఆ పాటగత్తె ముందు తెగ్గోసింది. మళ్లీ నవ్వులు. రెండో కోతలో రెండూ సమానం. మా మరిది మిషను ఖాళీగా ఉన్నప్పుడే గరగరలాడుతోంది, చెక్కలో దిగగానే గొంతు విప్పుతోంది. అప్పటికే సగంమంది నవ్వడం మానేశారు. మూడో కోత సగంలో ఆ పాటగత్తె ఒక్క కీచుమని ఆగిపోయింది. తాడు పట్టి లాగితే రాలేదు. యజమాని కాలితో తొక్కిపట్టి లాగాడు, అయినా రాలేదు. లోపల ఇంజను పట్టేసింది.

మా మరిది తన కోత పూర్తిచేసి, మిషను ఆపి, ఆ రెండో దాని దగ్గరికి వెళ్లాడు. జ్వరం చూసినట్టు దాని మీద అరచెయ్యి పెట్టి, "దీన్ని పాడించి చంపారండి" అన్నాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. మిగిలింది నేనన్నాను. ఆ కఫం గొంతు ముసలాడు ఇంకా కోస్తూనే ఉన్నాడు, మీ గాయని ఏమైందో చూసుకోండి అన్నాను. ఆ రోజు నుంచి మా మరిదికి గరగర మేస్త్రి అనే పేరు స్థిరపడిపోయింది. వెక్కిరింపుగా మొదలైన పేరే, నాలుగేళ్లకి బోర్డు మీదకెక్కింది.

అందులో ఉన్న కిటుకు నాకు వంద సార్లు చెప్పాడు. నేను చదివింది మూడో తరగతి, అయినా నాకు ఎక్కింది. ఇంజను పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే లోపలికి పోయే పెట్రోలు తగ్గుతుంది, మిషను తేలికై పాడుతుంది. కానీ పిస్టనుకి తడి పెట్టే ఆయిలు ఆ పెట్రోలులోనే కలిపి ఉంటుంది. పెట్రోలు తగ్గితే ఆ తడీ తగ్గుతుంది. ఎండిన పిస్టను వేడెక్కి గోడకి అతుక్కుపోతుంది. అందుకని మా మరిది చెవితో విని స్క్రూ సరిచేశాక, ఎవరికీ చెప్పకుండా ఇంకో పావు చుట్టు వదులు చేసేవాడు. గరగర అక్కడిదే. ఆ పావు చుట్టు మిషను ఆయుష్షు వదినా, దాన్ని మనం తినకూడదు అనేవాడు.

అతను నా దగ్గరికి వచ్చేటప్పటికి తొమ్మిదేళ్లు. మా అత్తగారు పోయిన వారానికి మా ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు, చంకలో చిన్న మూట. నాకు పెళ్లై ఆరు నెలలు, పద్దెనిమిదేళ్లు. వచ్చిన మూడో రోజున నా కుట్టుమిషను విప్పేశాడు. వీపు మీద రెండు అంటించాను. సాయంత్రానికి బిగించేశాడు, అంతకు ముందు దారం తెంపే మిషను తెంపడం మానేసింది. ఆ రెండు దెబ్బలకూ నేనిప్పటికీ క్షమాపణ చెప్పలేదు. చెప్పే అలవాటు నాకు లేదు. మాకు పిల్లలు కలగలేదు. కొట్టినా పెట్టినా అతనొక్కడే.

అతనికి పదిహేనేళ్లప్పుడు మా ఆయన ఇంటికి ఎర్రదాన్ని తెచ్చాడు. పని మానేసిన ఓ ముసలి కోత మనిషి దగ్గర తీసుకున్న పాత మిషను. ఎత్తాలంటే నడుం విరిగేది. ఇప్పటి వాటిలా అదురు తెలియకుండా రబ్బర్లూ అవీ లేవు. పట్టుకున్నవాడికి భుజం దాకా అదిరేది. వచ్చిన కొత్తలో అది పాడేది. మా ఆయన మురిసిపోయి పెరట్లో ఊరికే స్టార్ట్ చేసి వినేవాడు. నెల తిరక్కుండానే మా మరిది దాని స్క్రూ వదిలేశాడు. నా మిషను పీక నొక్కావు కదరా అని మా ఆయన ఏళ్ల తరబడి దెప్పాడు. ఆ పీక నొక్కిన మిషనే ముప్ఫై ఏడేళ్లు మాకు అన్నం పెట్టింది. దాన్ని ఆపేటప్పుడు చివర్న ఒక దగ్గు దగ్గేది. ఆ దగ్గు వినిపిస్తే మా ఆయన పని ముగిసిందని లెక్క, నేను కంచం పెట్టేదాన్ని.

మా మరిది షెడ్డు మా పెరటి చివరే. రేకుల కప్పు, ఒక బల్ల, గోడ పొడుగునా చెక్క అర. అరమీద పదకొండు పాత మిషన్లు. వాటిని ఎంచుకునే పద్ధతి చూస్తే పెళ్లిచూపులు గుర్తొచ్చేవి. రంగు చూసేవాడు కాదు, పేరు చూసేవాడు కాదు. స్టార్టరు తాడు పట్టుకుని మిషనును గాలిలో వేలాడదీసేవాడు. లోపల దమ్ము ఉన్నదైతే తాడు మీద అలాగే నిలబడి, మెల్లమెల్లగా దిగుతుంది. లేనిది జర్రున జారుతుంది. తర్వాత పొగ గొట్టం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. ఆఖరుకి స్టార్ట్ చేసి, గోడ వైపు తిరిగి నిలబడి వినేవాడు. ముఖం చూస్తే మొహమాటపడతాం వదినా అనేవాడు. నచ్చింది అరమీద ముందుకొచ్చేది, నచ్చనిది వెనక్కి పోయేది. ఎర్రదానికి మాత్రం అర లేదు. అది అన్నయ్యది, పోటీలో లేదు అనేవాడు.

అసలు పెళ్లిచూపులు ఒక్కసారే జరిగాయి. పిల్ల తండ్రి మర్యాదకి, మీ పనేంటో చూపించండి బాబూ అన్నాడు. ఇతను షెడ్డులోకి తీసుకెళ్లి పదకొండూ స్టార్ట్ చేసి వినిపించాడు. ఆయన తెల్ల చొక్కా పొగచూరి ఇంటికెళ్లి, మీవాడికి ఇప్పటికే పదకొండు మంది ఉన్నారటగా అని కబురు పంపాడు. నేను తిట్టిపోశాను. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. మా మరిది మళ్లీ ఆ ఊసెత్తనివ్వలేదు.

పదకొండేళ్ల కిందట మా ఆయనకు కడుపులో గడ్డ అన్నారు. కోసి, చూసి, మళ్లీ కుట్టేసి ఇంటికి పంపించారు. పెరటి వైపు గదిలో, కిటికీ పక్కన మంచం వేశాం. మా మరిది రోజూ ఉదయం వచ్చి, గడ్డం గీసి, పక్క మార్చి వెళ్లేవాడు. ఒక రోజు మా ఆయన అడిగాడు. ఎర్రదాని గొంతు ఒక్కసారి వినాలని ఉందిరా అన్నాడు. మా మరిది వెంటనే కిటికీ బయటికి తెచ్చి స్టార్ట్ చేశాడు. అది మామూలుగా గరగరమంది. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇది కాదురా, ఇంటికొచ్చిన కొత్తలో పాడేది, అలా కావాలి అన్నాడు.

మా మరిది మిషను తీసుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు. నేను వెనకే వెళ్లాను. ఎందుకు పాడించవురా అన్నాను. స్క్రూ బిగించాలి వదినా, ముసలి ఇంజను, తట్టుకోదు అన్నాడు. మనిషి పోతున్నాడు, మిషను పోతే ఏంరా అన్నాను. అతను బల్ల మీద స్క్రూడ్రైవరు వంక చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు ఆ మాట నా నోట్లోంచి వచ్చింది.

"అన్న కంటే ఆ ఇనపముక్కే ఎక్కువైందా నీకు? పరాయివాడివి అనిపించుకున్నావు."

అతను నా వైపు తిరగలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని పావు చుట్టు బిగించాడు. నేను పక్కనే నిలబడి చూశాను. చూసి కూడా వద్దనలేదు.

ఎర్రది పాడింది. ముప్ఫై ఏడేళ్ల తర్వాత, ఇంటికొచ్చిన కొత్తలోలాగే పాడింది. మా ఆయన మోచెయ్యి మీద లేచాడు. కళ్లు పెద్దవి చేసుకుని కిటికీలోంచి దాన్నే చూశాడు. రెండు నెలలుగా ఆ ముఖంలో నేను చూడని రంగు వచ్చింది. ఆపెయ్యమని నేను చెప్పేలోపు ఆయనే చెయ్యెత్తి, కొయ్యరా అన్నాడు. పెరట్లో ఎండిన దుంగ ఒకటి పడి ఉంది. స్క్రూ మళ్లీ వదిలితే పాట మారుతుంది, అన్నకు వినిపిస్తుంది. మా మరిది నా వైపు చూశాడు. నేను కొయ్యమన్నట్టు తల ఊపాను.

మొదటి కోత తెగింది. రెండోది తెగింది. మూడో కోత సగంలో ఒక్క కీచు, అంతే. డిపోలో విన్న అదే కీచు. ఆ రోజు అక్కడ మేము గెలిచాం.

లోపల్నుంచి మా ఆయన, "ఏమైందిరా?" అన్నాడు.

"పెట్రోలు అయిపోయింది అన్నయ్యా."

తొమ్మిదేళ్లవాడిగా ఉన్నప్పటి నుంచి పెంచాను, అతని నోటి నుంచి నేను విన్న మొదటి అబద్ధం అది.

మర్నాడు మా ఆయన మళ్లీ అడిగాడు. రోజూ ఉదయం పది గంటలకి కాసేపు వినిపించరా, ప్రాణానికి హాయిగా ఉంది అన్నాడు. మా మరిది సరేనన్నాడు. ఎర్రదాన్ని అప్పటికే విప్పేశాడు. పిస్టను ఒక పక్కంతా గీరుకుపోయి ఉంది, సిలిండరు గోడకి దాని లోహం పట్టేసి ఉంది. అరమీద తొమ్మిదో స్థానంలో ఒక పచ్చ మిషను ఉండేది, అతనికి పెద్దగా నచ్చనిది. రాత్రికి రాత్రి కాదుగానీ, ఆ మధ్యాహ్నమంతా కూర్చుని దాని పొగ గొట్టం మార్చి, లోపల రేకు తీసి, స్క్రూలు అటూ ఇటూ తిప్పి, ఎర్రదాని గొంతు తెప్పించాడు. ఆ గొంతు సరిపోయిందా లేదా వినడానికి నన్ను వంటింటి గుమ్మంలో నిలబెట్టాడు. సరిపోతే వేలెత్తు అన్నాడు. మొదట బారెడు తేడా ఉంది. తర్వాత జానెడు. సాయంత్రానికి నేను వేలెత్తాను.

అలా రోజూ పది గంటలకి మిషను కిటికీకి కనిపించకుండా, బట్టలుతికే బండ వెనక కూర్చుని పచ్చదాన్ని మోగించేవాడు. మా ఆయన మొదటి మూడు రోజులు కిటికీ వైపు చూస్తూ విన్నాడు, ఆ తర్వాత కళ్లు మూసుకుని వినేవాడు. అయిపోగానే, బాగుందిరా అని కేకేసేవాడు. కేక అంటే కేక కాదు, గాలి. నేను గుమ్మంలోకి వెళ్లి, బాగుందంటున్నాడు అని అందించేదాన్ని.

నాలుగో రోజు మా ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు.

"అది నాది కాదే. నాది ఆగేముందు దగ్గుతుంది. ఇది దగ్గదు. వాడితో అనకు. ఎంత తంటాలు పడుతున్నాడో చూడు."

అనలేదు. ఎవరితోనూ అనలేదు. ముప్ఫై ఎనిమిది రోజులు ఆ అన్నదమ్ములు ఒకళ్ల కోసం ఒకళ్లు అలా నడిపారు. నేను మధ్యలో నిలబడి బాగుందట, బాగుందట అని మోశాను. నా నోరు ఎన్నడూ లేనంత అణకువగా పనిచేసింది ఆ రోజుల్లోనే.

ముప్ఫై తొమ్మిదో రోజు పది గంటలకి పచ్చది మొదలైంది. మా ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను కాళ్లు పిసుకుతున్నాను. పాట సగంలో ఉండగా కాలు నా చేతుల్లో మారిపోయింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను, తెలిసింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి చెయ్యి ఊపితే మా మరిది ఆపేస్తాడు. నేను ఊపలేదు. ఆ మోత ఆగితే అతనికి తెలిసిపోతుంది. ఇంకాసేపు అతనికి అన్న ఉండాలనుకున్నాను. ట్యాంకులో పెట్రోలు అయ్యేదాకా అతను మోగిస్తూనే ఉన్నాడు. ఆగాక, బాగుందిరా అన్న మాట కోసం బండ వెనక తల ఇలా పక్కకి పెట్టి ఎదురుచూశాడు. ఆ తల నాకు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.

ఆ తర్వాత అరమీద వరస మారింది. తొమ్మిదోది మొదటి స్థానంలోకి వచ్చింది. పాత మిషన్లంటే పడిచచ్చేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఇన్ని మంచివి ఉండగా ఈ పచ్చది ముందెందుకు మేస్త్రీ అని అడిగేవాళ్లు. దాని మనసు మంచిదండి అనేవాడు. వాళ్లు తమాషా అనుకుని నవ్వేవాళ్లు. నేను అటు తిరిగి గిన్నెలు తోముకునేదాన్ని.

ఎర్రదాని పని మొదలుపెట్టాడు. సిలిండరుకి అంటుకున్న లోహాన్ని పుల్లకి దూది చుట్టి, యాసిడ్‌లో ముంచి, చుక్క చుక్కగా కరిగించాడు. కాస్త ఎక్కువైతే గోడ పూత పోతుంది, అందుకని రోజుకి గోరంత. అలాంటి పిస్టను దొరకలేదు. ఆరేళ్లు వెతికాడు. చివరికి ఒక పాత సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన చచ్చిన మిషను కడుపులోంచి తెచ్చాడు, గుడ్డలో చుట్టుకుని, పసిగుడ్డును తెచ్చినట్టు. రింగు వేశాడు. గ్యాస్కెట్ సొంతంగా అట్ట మీద గీసి కత్తిరించాడు. ఒక ఆదివారం తాడు పట్టి వేలాడదీశాడు. ఎర్రది తాడు మీద నిలబడింది. దమ్ము వచ్చింది. నేను చూశాను.

కానీ స్టార్ట్ చేయలేదు. గ్యాస్కెట్ ఆరాలన్నాడు. ప్లగ్గు కొత్తది వెయ్యాలన్నాడు. వాన పట్టేలా ఉందన్నాడు. ఇలా నాలుగేళ్లు. నేను దెప్పలేదు. ఎవరికి వినిపించాలని స్టార్ట్ చేస్తాడు? ఆ మాట అతను అనలేదు, నేనూ అనలేదు. షెడ్డులో నేనన్న మాట కూడా మా మధ్య అలాగే ఉండిపోయింది. ఎన్నిసార్లు కంచం ముందు పెట్టి, ఒరేయ్ ఆ రోజు నేను, అని మొదలుపెట్టానో. ఇంకాస్త పులుసు వేసుకో అని ముగించేదాన్ని.

ఈలోగా వేళ్లు పోయాయి. నలభై ఏళ్లు అదురుతూ ఉండే పిడులు పట్టుకున్న వేళ్లు ముందు చలికి తెల్లబడేవి, తర్వాత ఎండలోనూ తెల్లబడ్డాయి. సున్నం పూసినట్టు కొసల్నుంచి మొదలయ్యేది. స్క్రూ చేతికి తెలియడం లేదు వదినా అన్నాడు ఒక రోజు, ఏదో పోగొట్టుకున్నవాడిలా బల్ల కింద చూస్తూ. చొక్కా బొత్తాలు నేనే పెట్టాల్సి వచ్చింది. అరవయ్యేళ్లొచ్చినా బొత్తాలు పెట్టుకోవడం రాదు అని వేళాకోళం చేస్తే, తొమ్మిదేళ్లప్పుడూ నువ్వే పెట్టావుగా అన్నాడు. ఆ తర్వాత ఊపిరి. అంత చిన్న షెడ్డులో అన్నేళ్లు పీల్చిన పొగ ఊరుకుంటుందా. డాక్టరు ఫొటో తీసి చూసి, ఇంటి దగ్గరే ఉంచుకోండమ్మా అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు.

అదే గది, అదే కిటికీ, అదే మంచం. వేరే గదిలో వేస్తానంటే వద్దన్నాడు. గడ్డం నేను గీస్తున్నాను. నాకు డెబ్బై రెండు, అతనికి అరవై మూడు. వరస తప్పి వెళ్లిపోతున్నాడని తిడతాను, నవ్వుతాడు, నవ్వితే దగ్గు వస్తుంది, మళ్లీ తిడతాను.

నిన్న సాయంత్రం పాలు తాగించాక ఎర్రదాన్ని గదిలోకి తెమ్మన్నాడు. నేను ఎత్తలేక గోనెసంచి మీద పెట్టి ఈడ్చుకొచ్చాను. మంచం మీంచి చెయ్యి జార్చి దాని మీద వేశాడు. ఆ వేళ్లకి అది తెలియదని నాకు తెలుసు.

"వదినా, రేపు పది గంటలకి దీన్ని స్టార్ట్ చెయ్యి. నేను వినాలి" అన్నాడు.

నేనా, ఈ వయసులోనా, కుర్రాడినెవరినైనా పిలుస్తాను అన్నాను. వద్దు, నువ్వే అన్నాడు. చైను ఎప్పుడో తీసేశాను, భయం లేదు. పిడిలో కాలు పెట్టి తొక్కి, చోక్ పైకి లాగి, తాడు మూడుసార్లు లాగు. ఒకసారి దగ్గుతుంది. దగ్గగానే చోక్ నొక్కేసి మళ్లీ లాగు. జనాన్ని మాటలతో లాగుతావు చూడు, అలా లాగు అన్నాడు. ఆ స్క్రూ వేళ్లు పోకముందే పావు చుట్టు వదిలి ఉంచాడట. దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు.

నేను తల దించుకుని ఉన్నాను. పదకొండేళ్లుగా దాచుకున్న మాట తీశాను. ఆ రోజు షెడ్డులో నేను అలా అనకుండా ఉండాల్సిందిరా అన్నాను. అంతవరకే వచ్చింది.

"అనకపోతే అన్నయ్య అలా లేచి చూసేవాడు కాదుగా" అన్నాడు.

స్టార్ట్ అవకపోతే ఏం చెయ్యనురా అని అడిగాను.

"అవకపోతే కాలేదని వచ్చి చెప్పు. అంతేగానీ బండ వెనక్కి వెళ్లి ఆ పచ్చదాన్ని మోగించకు వదినా. తనదైతే అన్నయ్య కళ్లు తెరిచి వింటాడు. నాలుగో రోజు నుంచి మూసుకునే విన్నాడు. అన్నయ్యకి తెలిసిపోయినట్టే నాకూ తెలిసిపోతుంది."